గేటు ఖర్చుతో ఇంకేం చేయొచ్చో చూడండి: హైదరాబాద్ కాలనీ సంక్షేమ సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

పోయిన నెల మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక సర్క్యులర్ పెట్టారు. కాలనీకున్న నాలుగు దారుల్లో రెండింటికి శాశ్వతంగా తాళం. మూడోదానికి రాత్రి పది నుంచి పొద్దున ఆరింటి దాకా తాళం. నాలుగోదాని దగ్గర బూమ్ బారియర్, ఒక సెక్యూరిటీ గార్డు, ఒక రిజిస్టరు. ఇంటికి ఇంతని చందా. కారణం కింద రాశారు: "కాలనీ భద్రత, ప్రశాంతత, సుందరీకరణ దృష్ట్యా." దండం పెట్టే బొమ్మలు, బొటనవేళ్లు వరసగా వచ్చిపడ్డాయి. ఇద్దరు ముగ్గురు ఏదో అడగబోతే "జనరల్ బాడీలో మాట్లాడుకుందాం" అన్నారు. జనరల్ బాడీ ఇంకా జరగలేదు. గేటుకు వెల్డింగ్ పని మాత్రం మొదలైంది.

ఉప్పల్ వైపు, మియాపూర్ వైపు ఉన్న మా చుట్టాలను అడిగితే అక్కడా ఇదే వరస అన్నారు. అందుకే ఈ ఉత్తరం ఒక్క మా సంఘానికి కాదు, నగరంలోని సంఘాలన్నిటికీ రాస్తున్నాను.

సంఘాలంటే నాకు చిన్నచూపు లేదు. ఈ ఊరి కాలనీల్లో సగం సౌకర్యాలు మీ చెప్పులరిగితే వచ్చినవే. మట్టిరోడ్డు సీసీ రోడ్డు కావడం, మంజీరా నీళ్ల లైను రావడం, పార్కు స్థలాన్ని ఎవరో ప్లాట్లు చేసి అమ్ముకోబోతే కోర్టుకెళ్లి ఆపడం, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన రాత్రి లైన్‌మన్‌ను వెతికి పట్టుకురావడం, ఇవన్నీ రిటైరైన పెద్దమనుషులు జీతం భత్యం లేకుండా చేసిన పనులు. అంత ఓపికా అంత పలుకుబడీ ఉన్న మీరు ఇప్పుడు ఆ బలాన్ని తాళాల మీదా బోర్డుల మీదా ఖర్చుపెడుతున్నారు. నా ఫిర్యాదు అదొక్కటే.

గేటు సంగతే ముందు చూద్దాం. లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థలాలు స్థానిక సంస్థకు అప్పగించినవి. మనం ప్లాటు కొన్నాం, రోడ్డు కొనలేదు. పబ్లిక్ రోడ్డుకు అడ్డంగా కట్టడాలు పెట్టకూడదని నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) చట్టం చెబుతోంది. ఈ విషయం మీలో చాలామందికి తెలుసు. ఎందుకంటే పక్క కాలనీవాళ్లు గేటు పెట్టి మన దారి మూస్తే మొదటి ఫిర్యాదు రాసేది మనమే.

దొంగతనాలు జరుగుతున్నాయి కదా అంటారు. జరుగుతున్నాయి, కాదనను. సంక్రాంతికి ఇంటికి తాళం వేసి ఊరెళ్లినవాళ్లకు, మెడలో గొలుసు పోయిన ఆడవాళ్లకు ఆ భయం ఎలాంటిదో తెలుసు. కానీ ఆ గేటు దగ్గర రిజిస్టరు ఎప్పుడైనా తిరగేశారా? నేను మా మేనత్తగారి కాలనీలో తిరగేశాను. ఒక పేజీలో సగం మంది ఇంటిపేరు లేని "కుమార్"లు, వచ్చిన పని "డెలివరీ", సంతకం అంటే ఒక అడ్డగీత. కొన్ని గళ్లలో పై వరసలో ఉన్నది మళ్లీ రాయకుండా రెండు చుక్కలు పెట్టి వదిలేశారు. గార్డు పన్నెండు గంటల డ్యూటీలో ఉన్నాడు, కూర్చోడానికి ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, బాత్రూముకు వెళ్లాలంటే ఎదురింటివాళ్ల దయ. బైకు మీద వచ్చినవాడు "302" అంటే బారియర్ లేస్తుంది. దొంగకు ఆ మూడంకెలు చెప్పడం కష్టమా?

నడిచి వెళ్లేవాళ్లకే ఈ గేటుతో కష్టం. మా కాలనీ వెనక ఒక బస్తీ ఉంది. మన ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు అక్కడివాళ్లే. వాళ్ల పిల్లలు మన వీధిలోంచి ప్రభుత్వ బడికి వెళతారు. ఆ రెండు దారులూ మూస్తే పిల్లలు మెయిన్ రోడ్డు మీదుగా, బస్సులూ లారీలూ పోయే చోట, ఫుట్‌పాత్ లేని అంచున నడవాలి. ఈ సంగతి సర్క్యులర్‌లో లేదు. రాసినవాళ్లు చెడ్డవాళ్లని కాదు. కమిటీలో ఆ దారిన నడిచేవాళ్లు ఒక్కరూ లేరు.

మన ఊళ్లో వీధిలో పిల్లలు ఎలా చనిపోయారో గుర్తు చేసుకోండి. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద బయటికి వెళ్లిన పన్నెండేళ్ల అమ్మాయి వానలో నాలాలో (పెద్ద మురుగుకాలువలో) పడి కొట్టుకుపోయింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పొద్దున్నే పాలకోసం వెళ్లిన చిన్నపిల్ల తెరిచి ఉన్న డ్రెయిన్‌లో పడిపోయింది. ఆ ఏడాదే ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. ఈ మూడింటిలో ఏదీ గేటు పెడితే ఆగేది కాదు. నాలా మీద పలక ఉందా, మ్యాన్‌హోల్ మూత ఉందా, కుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్లు అవుతున్నాయా అని అడిగే మనిషి కావాలి. మీరు ఆ మనిషి కాగలరు. జోనల్ ఆఫీసులో మామూలు మనిషి మాటకు విలువ తక్కువ, సంఘం లెటర్‌హెడ్‌కు ఇప్పటికీ ఎంతో కొంత ఉంది.

వీధి దీపాల దగ్గర మీరు చేయగలిగింది ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లో పాత సోడియం దీపాలు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టడం 2017లో పెద్ద ఎత్తున మొదలైంది. అయినా మా వీధిలో మూడు స్తంభాల మధ్య చీకటే. కారణం కనుక్కోవడానికి ఇంజినీరు అక్కర్లేదు, తల పైకెత్తితే చాలు. దీపం వెలుగుతూనే ఉంది, కానుగచెట్టు కొమ్మ దాన్ని కప్పేసింది. కరెంటోళ్లు ఏటా వచ్చి కొమ్మలు కొడతారు, తీగలకు తగిలేవి మాత్రమే. దీపానికి అడ్డమొచ్చేవి వాళ్ల లెక్కలోకి రావు. కొట్టిన కొమ్మలు ఎత్తేది ఇంకో డిపార్టుమెంటు, అవి ఎండి కరకరలాడేదాకా ఫుట్‌పాత్ మీదే. ఫిర్యాదు చేస్తే స్తంభం నంబరు అడుగుతారు. నంబరు మీద ట్యూషన్ సెంటర్ పాంప్లెట్ అంటించి ఉంటుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పది గంటలకు మెట్రో దిగి ఇంటికొచ్చే ఆడపిల్ల ఏ వీధిలోంచి రావాలో తేల్చేది ఇదే.

ఆ అమ్మాయిని అడిగితే ఇంకో విషయం కూడా చెబుతుంది. రెండు వీధులుంటే తను మిర్చి బజ్జీ బండి ఉన్న వీధినే ఎంచుకుంటుంది. రెండు వైపులా ఎత్తు గోడలు, వరసగా కెమెరాలు ఉన్న వీధిలోకి పోదు. బండి దగ్గర నలుగురు నిలబడి ఉంటారు, నూనె మరుగుతూ ఉంటుంది, ఎవరైనా పిలిస్తే పలుకుతారు. పోలీసుల "నేను సైతం" పిలుపుతో కాలనీలు సొంత డబ్బులు వేసుకుని కెమెరాలు పెట్టుకున్నాయి, మంచిదే. గొలుసు లాక్కెళ్లినవాణ్ని తర్వాత పట్టుకోడానికి అవి పనికొస్తాయి. ఆ క్షణంలో "ఏయ్!" అని అరిచేది కెమెరా కాదు.

పాత ఇళ్లకు నడుమెత్తు గోడ ఉండేది, వరండాలో ఎవరో ఒకరు కూర్చునేవాళ్లు. ఆ ఇళ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టాం. కార్ల కోసం కింది అంతస్తును స్తంభాలే ఉండేలా (స్టిల్ట్‌గా) ఖాళీగా వదిలేశాం. ఇప్పుడు వీధి మట్టానికి మనిషి కాపురం ఉన్నది వాచ్‌మన్ గదిలోనే. ఆ గదికి కిటికీ ఉంటే ఉంది, లేకపోతే లేదు. మిగతా మనమందరం మూడో అంతస్తు నుంచి లిఫ్ట్‌లో దిగి, కారు అద్దాలెత్తుకుని వెళ్లిపోతాం. వీధిని నిజంగా చూస్తున్నది వాచ్‌మన్ భార్య, కూరగాయల తోపుడుబండి ఆవిడ, ఇస్త్రీ బండి అతను.

ఇస్త్రీ బండి గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఏమనుకోకండి. మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఉంటుంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె పోయి ఇప్పుడు గ్యాస్‌ది వచ్చింది. పొద్దున ఎనిమిదికి గుడ్డ పరిచాడంటే చీకటి పడేదాకా అక్కడే నిలబడి ఉంటాడు. ఏ ఇంట్లో స్కూలు యూనిఫాంలు రావడం మానేశాయో, ఎవరు ఊరెళ్లారో, ఏ ఇంటి పెద్దాయన రెండు రోజులుగా వాకింగ్‌కు రాలేదో అతనికి తెలుసు. పక్క అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండే పెద్దావిడ బట్టలు తీసుకెళ్లడానికి రాలేదని అనుమానం వచ్చి వాచ్‌మన్‌ను పైకి పంపింది అతనే. ఆవిడ బాత్రూములో జారిపడి ఉన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్లారు, కోలుకున్నారు. సర్క్యులర్‌లో మూడో పేరా: "కాలనీలోని బండ్లు, తోపుడుబండ్లు నెలాఖరులోగా తొలగించబడును."

ఆ వాక్యం రాసేముందు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఒకసారి చదవాల్సింది. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వీధి వ్యాపారులను ఖాళీ చేయించకూడదని అందులో ఉంది. ఎక్కడ బండ్లుండాలి, ఎక్కడ ఉండకూడదు అనేది తేల్చడానికి టౌన్ వెండింగ్ కమిటీ ఉంటుంది. అందులో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులు ఎన్నుకున్న వాళ్లే అయి ఉండాలి. కాలనీ సంఘాల ప్రతినిధులకూ ఆ కమిటీలో చోటుంది. అంటే బండి దారికి అడ్డంగా ఉంటే, నూనె డబ్బా డ్రెయిన్‌లో వంపుతుంటే, చెప్పుకోడానికి సక్రమమైన చోటు ఉంది. నిజంగానే కొన్ని బండ్లతో ఇబ్బంది ఉంది, మలుపులో బండి పెడితే ఆటో తిరగదు. ఆ మాట ఎదురుగా కూర్చుని చెబితే బండి పది అడుగులు పక్కకు జరుగుతుంది. లారీ పిలిపించి ఎత్తించేస్తే వారం తిరక్కుండా ఇంకో బండి వస్తుంది, ఆ మనిషెవరో మనకు తెలియదు.

ఈ నగరంలో మంచి కాలనీ ఎలా ఉంటుందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. హౌసింగ్ బోర్డు కట్టిన కూకట్‌పల్లి కేపీహెచ్‌బీ కాలనీ, వనస్థలిపురం చూడండి. ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని చిన్న ఇల్లు, మధ్యరకం ఇల్లు, పెద్ద ఇల్లు ఒకే కాలనీలో వేశారు. గుమాస్తా కుటుంబం, ఇంజినీరు కుటుంబం ఒకే మార్కెట్‌కు, ఒకే గుడికి వెళ్లేవి. ఇప్పుడు ఆ ఇళ్లు ఎదిగిపోయాయి, ట్రాఫిక్ భరించలేనిది, హాస్టళ్లు నిండిపోయాయి, నిజమే. అయినా రైతుబజారు దగ్గర సాయంత్రం కాసేపు నిలబడితే తెలుస్తుంది, రాత్రి పదింటికీ అక్కడ ఆడవాళ్లు నిర్భయంగా తిరుగుతున్నారు. ఆ సందడిని చూసి "గోల" అనేవాళ్లు ఉన్నారు. నాకైతే అలాంటి గోల మా వీధికీ కాస్త కావాలి.

ఇక అందం సంగతి. సుందరీకరణ అంటే మనకు గేటు మీద కాలనీ పేరు స్టీలు అక్షరాలు, పార్కు గోడకు త్రివర్ణం, జింక బొమ్మ. పార్కు లోపలికి వెళదామంటే తాళం. తెరిచి ఉంచేది పొద్దున ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. పిల్లలు బడి నుంచి వచ్చేది నాలుగింటికి. బోర్డు మీద పెయింటింగ్ కొత్తగా వేయించారు: బంతి ఆడరాదు, సైకిల్ తొక్కరాదు, గడ్డి మీద కూర్చోరాదు, బయటివారికి ప్రవేశం లేదు. ఏం చేయొచ్చో ఒక్క లైనూ లేదు. ఆ పిల్లలు వీధిలో ఆడితే కార్ల అద్దాలు పగులుతాయని మళ్లీ గ్రూపులో మెసేజ్ మనమే పెడతాం.

అందం చెడగొడుతున్నది బండ్లు కాదండీ, మన ర్యాంపులు. ఇంటి మట్టం పెంచుకుని, కారు ఎక్కడానికి ఫుట్‌పాత్ మీదుగా రోడ్డు దాకా సిమెంటు ర్యాంపు పోస్తున్నాం. మా వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఫుట్‌పాత్ మీద నడవాలంటే ఎక్కి దిగి, ఎక్కి దిగి మోకాళ్లు పోతాయి. అందుకే మోకాళ్ల నొప్పులున్న మన పెద్దవాళ్లే రోడ్డు మధ్యలో నడుస్తున్నారు. నివాస ప్రాంతాల్లో ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్లు నడవడానికి ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. టేపు పట్టుకెళ్లి మీ వీధిలో కొలవండి. పైగా ర్యాంపు వాననీటి కాలువను మూసేస్తుంది, ఆ నీళ్లు పల్లంలో ఉన్న ఇంట్లోకి పోతాయి. 2020 అక్టోబరు వరదల్లో టోలీచౌకీ నదీమ్ కాలనీలో, ఫలక్‌నుమా అల్ జుబైల్ కాలనీలో పడవలు తిరిగాయి. అక్కడ చెరువులూ నాలాలూ మూసుకుపోయిన పెద్ద కథ ఉంది, మన ర్యాంపు అందులో ఓ చిన్న ముక్క. కమిటీ సభ్యుల ఇళ్ల ముందున్న ర్యాంపులు ముందు తీస్తే మిగతావాళ్లకు చెప్పడం తేలిక.

చెత్త గురించి ఎక్కువ చెప్పను. 2015లో స్వచ్ఛ ఆటోలు వచ్చాక వీధి చివర డబ్బాలు పోయాయి, డబ్బా ఉన్న చోట సంచులు పడేయడం పోలేదు. అక్కడ ముగ్గు వేసి పూలకుండీ పెడితే వారం ఆగుతుంది. ఆటో రోజూ ఒకే సమయానికి వస్తే శాశ్వతంగా ఆగుతుంది. ఆ టైము రాయించి స్తంభానికి కట్టించడం సంఘం చేయగల పని.

మీ సంఘాల్లో ఎవరెవరున్నారో కూడా ఒకసారి చూసుకోండి. చాలా చోట్ల సభ్యత్వం ఇంటి యజమానికే. మా కాలనీలో సగానికి పైగా ఇళ్లల్లో అద్దెవాళ్లే ఉన్నారు. వాళ్లు మెయింటెనెన్స్ కడతారు, వినాయక చవితి చందా కడతారు, ఓటు లేదు. కార్యవర్గంలో ఆడవాళ్లు ఉంటే ఒకరు, "సాంస్కృతిక కార్యదర్శి" అని, బతుకమ్మకూ ముగ్గుల పోటీలకూ. రోజులో ఎక్కువసేపు కాలనీలో ఉండేది ఆడవాళ్లూ అద్దెవాళ్లూ వాచ్‌మన్ కుటుంబాలే. ఏ మూతకు పగులుందో, ఏ మూల తాగుబోతులు చేరుతున్నారో వాళ్లకు తెలిసినంత అధ్యక్షులవారికి తెలియదు. సంఘం బైలా (నియమావళి) మార్చడానికి ఏ మంత్రి అనుమతీ అక్కర్లేదు, జనరల్ బాడీ తీర్మానం చేసి రిజిస్ట్రారుకు పంపితే చాలు.

అధికారుల బాధ్యత లేదా అంటారేమో. ఎందుకు లేదు? 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలూ ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్ట సవరణ వార్డు కమిటీలతో పాటు ఏరియా సభలనూ తెచ్చింది. నీళ్లు, దీపాలు, పారిశుద్ధ్యం దగ్గర లోటుపాట్లు వీధివాళ్లే కూర్చుని చెప్పడానికి. 2023 జూన్‌లో జీహెచ్‌ఎంసీ అప్పుడున్న 150 డివిజన్లకు వార్డు ఆఫీసులు తెరిచింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి, కూర్చున్న సమావేశాలే అరుదు. వార్డు కమిటీ కూర్చోలేదని నిలదీసిన కాలనీ సంఘం ఏదైనా ఉందా? నేను వినలేదు. కార్పొరేటర్‌ను రిబ్బన్ కత్తిరించడానికి పిలుస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో గ్రూపులో పెడతాం. 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటేయలేదు, సుమారు 46 శాతం దగ్గర ఆగింది. శాలువా కప్పించుకుని వెళ్లిపోయే మనిషికి మనమంటే భయం ఎందుకుంటుంది?

కాబట్టి నేను అడిగేవి ఇవి. పగలంతా నడిచేవాళ్లకూ సైకిళ్లకూ అన్ని దారులూ తెరిచే ఉంచండి. రాత్రి మూయాలనుకున్నా మనిషి పట్టేంత చిన్న ద్వారం వదలండి, అంబులెన్సు వస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉందో గేటు మీదే రాయండి. నెలకోసారి చీకటి పడ్డాక, కార్లు వదిలేసి, కమిటీ అంతా కాలినడకన ఒక రౌండ్ వేయండి. వెలగని దీపం స్తంభం నంబరు, మూత లేని గుంట, విరిగిన పలక రాసుకుని తెల్లారి వార్డు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. వచ్చే నెల అదే కాగితంతో మళ్లీ తిరగండి. పార్కు తాళం నాలుగింటికే తీయించండి. బండ్ల విషయంలో లారీ కంటే ముందు టౌన్ వెండింగ్ కమిటీ గుమ్మం తొక్కండి.

మా కాలనీ జనరల్ బాడీ వచ్చే ఆదివారం పదకొండింటికి, కమ్యూనిటీ హాలులో. గేటు చందా నేను ఇంకా కట్టలేదు. ఆ ఖర్చు వివరాలు, వెల్డింగ్ బిల్లుతో సహా, సభలో చదివి వినిపించమని ముందుగానే రాతపూర్వకంగా ఇచ్చాను. అద్దెవాళ్లకు సభ్యత్వం ఇవ్వాలనే తీర్మానం కూడా పెడుతున్నాను, బలపరచడానికి ఇద్దరు ఒప్పుకున్నారు. ఇస్త్రీ బండి అతన్నీ రమ్మన్నాను. అతను మాట్లాడేటప్పుడు మైకు ఆపేయొద్దని అధ్యక్షులవారికి మనవి.

ఇట్లు,
చందాదారు, ఇంటి యజమానురాలు,
హైదరాబాద్